అప్‌డేట్: వరల్డ్ ఆఫ్ హారర్ కొనేశాను

ఎర్లీ యాక్సెస్‌లో (అంటే పూర్తికాకముందే అమ్మకానికి పెట్టిన దశలో) ఉన్న ఈ గేమ్ కొనొచ్చా, చేసేవాడు మధ్యలో వదిలేస్తాడా అని అప్పట్లో అడిగాను కదా. ఆగి చూడమన్నారు ఎక్కువమంది, ఆగాను. 2020 ఫిబ్రవరిలో మొదలైన ఎర్లీ యాక్సెస్ 2023 అక్టోబరులో పూర్తి వెర్షన్‌తో ముగిసింది.

నా అనుమానమంతా డెవలపర్ మీదే. పోలండ్‌కి చెందిన పావెల్ కోజ్మిన్‌స్కీ వృత్తిరీత్యా పళ్ల డాక్టరు. బొమ్మలన్నీ మైక్రోసాఫ్ట్ పెయింట్‌లో గీశాడు. మనం స్కూల్లో ఇల్లూ కొండా గీసిన అదే పెయింట్! ఆడాక మాత్రం మనిషి మీద గౌరవం పెరిగింది (పన్ను పీకించుకునే ముందు రోజు ఆడకండి).

కథ 1980ల నాటి జపాన్‌లో, షియోకవా అనే సముద్రతీర ఊళ్లో. అయిదు మిస్టరీలు ఛేదిస్తే ఆట చివరి ఘట్టమైన లైట్‌హౌస్ ఎక్కొచ్చు. ఈలోగా వినాశనం ఎంత దగ్గరపడిందో చూపే డూమ్ మీటర్ పెరుగుతూ ఉంటుంది, నూరు శాతానికి చేరితే ఆట అయిపోయినట్టే. ఉలిక్కిపడేలా చేసే సీన్ల కంటే, నలుపు తెలుపు గీతల్లో మెల్లగా వికృతమయ్యే ముఖాలే నన్ను ఎక్కువ భయపెట్టాయి. జపాన్ హారర్ బొమ్మల కథల రచయిత జుంజీ ఇటో మాంగా (కామిక్స్) ప్రభావం బాగా కనిపిస్తుంది.

ఫైటింగ్ మెనూ చిరాకే. ఏ బటన్ ఎందుకో అర్థమయ్యేలోపు చచ్చిపోతాం. ఇంగ్లీషులో చదవాల్సింది కూడా చాలా ఉంది. ఆ ఓపిక ఉంటే కొనండి, లేదంటే సేల్ వచ్చేదాకా ఆగండి.