సీఎస్‌వీలో ఇంటి నంబర్లు తేదీలుగా మారిపోతున్నాయి, సాయం చేయండి

అందరికీ నమస్కారం. మా ఊరి గ్రంథాలయం సభ్యుల జాబితాను పైథాన్ ప్రోగ్రామ్‌తో సీఎస్‌వీ ఫైలుగా (విలువల మధ్య కామాలుండే మామూలు టెక్స్ట్ ఫైలు) రాస్తున్నాను. మొదట్లో ఎక్సెల్‌లో తెలుగు పేర్లన్నీ పిచ్చి గీతల్లా కనిపించేవి. ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి) యూటీఎఫ్-8-సిగ్ అని ఇచ్చాక అది సర్దుకుంది. వరసకీ వరసకీ మధ్య ఖాళీ లైన్లు వస్తుంటే, ఫైలు తెరిచేటప్పుడు న్యూలైన్ అనే సెట్టింగ్‌కి ఖాళీ స్ట్రింగ్ (ఏ అక్షరమూ లేని విలువ) ఇచ్చాను, అదీ పోయింది.

అసలు టెన్షన్ ఇంటి నంబర్లతో. ఫైల్లో 3-12 అని సరిగ్గానే ఉంటుంది, నోట్‌ప్యాడ్‌లో చూశాను. గ్రంథాలయంలో మేడమ్ గారు ఎక్సెల్‌లో తెరిస్తే అది డిసెంబర్ 3వ తేదీ అవుతోంది. 3-112 మాత్రం చెక్కుచెదరదు. ఆవిడ కొత్త సభ్యులను చేర్చి, సేవ్ చేసి పంపేసరికి నా స్క్రిప్టుకు ఆ తేదీలే అందుతున్నాయి. మొన్న పుస్తకం గడువు గుర్తుచేసే కార్డులు ఆ చిరునామాలతోనే ప్రింట్ అయ్యాయి. పెద్దవాళ్లకు వెళ్లాల్సిన కార్డులు, చాలా బాధనిపించింది.

అన్ని విలువలకూ కొటేషన్ గుర్తులు పెట్టి చూశాను, ఫలితం లేదు. ముందు అపాస్ట్రఫీ పెడితే అది కూడా గడిలో కనిపిస్తోంది.

సీఎస్‌వీ మానేసి ఓపెన్‌పైఎక్సెల్ అనే పైథాన్ లైబ్రరీతో ఎక్సెల్ ఫైలే రాసి, ఆ కాలమ్‌ను టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టడం మేలా? అలా చేస్తే మేడమ్ గారు కింద కొత్తగా టైప్ చేసే గడులకు కూడా ఆ ఫార్మాట్ ఉండాలంటే ఏం చేయాలి? ఆవిడకు ఎక్సెల్ తప్ప వేరేది అలవాటు లేదు, కాబట్టి ఆవిడ పని మారకుండా ఉండే దారి చెప్పండి. ఇప్పటికే మారిపోయిన నంబర్ల కోసం పాత రిజిస్టర్ దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ దిద్దుతున్నాను.