ట్రైనింగ్‌లో నేర్పిన పద్ధతి బడిలో నిలబడాలంటే ఏం చేస్తున్నారు?

ఉదయగిరి ఎస్‌జీటీ (ప్రాథమిక బడి టీచర్):
చదవడంలో వెనకబడ్డ మూడో తరగతి పిల్లలకు మా కాంప్లెక్స్‌లో (దగ్గర దగ్గర బడుల సమూహంలో) రోజూ అరగంట పెట్టుకున్నాం. టీచర్ చదివి వినిపించాలి, పిల్లలు కలిసి చదవాలి, తర్వాత ఒక్కొక్కరూ చదవాలి. తప్పు చదివిన మాట కింద గీత గీసి మళ్లీ చదివించాలి. ట్రైనింగ్ రోజు అందరూ సరేనన్నారు. ఇప్పుడు చూస్తే కలిసి చదవడంతోనే సరిపెడుతున్నారు. మళ్లీ ట్రైనింగ్ పెట్టమంటారా?

కావలి టీచర్:
వద్దు సర్. తెలియక మానేయడం లేదు కదా. అమెరికాలో నోయెల్ అనే పరిశోధకుడి బృందం 1997లోనే ఇది గమనించింది. టీచర్లు మొదట్లో ప్లాన్ ప్రకారం చేశారు, రోజులు గడిచేకొద్దీ వదిలేశారు. ఏ స్టెప్పు చేశారో, ఏది వదిలారో ఎదురుగా పెట్టి మాట్లాడాక మళ్లీ పుంజుకున్నారు. 2005లో వాళ్లదే ఇంకో అధ్యయనం: వారం వారం వెళ్లి ఎలా నడుస్తోందని అడగడం కన్నా ఇలా లెక్క చూపించి మాట్లాడటమే బాగా పనిచేసింది.

ఒంగోలు సీఆర్‌ఎంటీ (బడులు తిరిగి టీచర్లకు తోడ్పడే టీచర్):
నిజం మేడమ్. "ఎలా ఉంది మాస్టారూ?" అంటే "బాగుందండీ" అంటారు, టీ తాగి వచ్చేస్తాం. క్లాసులో కూర్చుంటే ఆ రోజుకు అందరూ బ్రహ్మాండంగా చేస్తారు! అందుకే నేను పిల్లల కాగితాలు చూస్తాను. గీతలుంటే ఆ స్టెప్పు జరిగినట్టే. ఒకే గ్రాఫులో రెండు గీతలు గీస్తా: ఎన్ని స్టెప్పులు జరిగాయి, పిల్లాడు నిమిషానికి ఎన్ని మాటలు సరిగ్గా చదివాడు. రెండూ కలిసి పైకెళ్లడం చూశాక నేను పెద్దగా చెప్పాల్సింది ఉండదు.

కోవూరు మాస్టారు:
యాప్‌లు, ఫొటోలు చాలవన్నట్టు ఇంకో కాగితమా? మా దగ్గర ఇలాంటిదే పై అధికారులకు వెళ్లింది, మెమోలొచ్చాయి. ఆ తర్వాత అందరివీ నూటికి నూరే.

ఒంగోలు సీఆర్‌ఎంటీ:
మీ కోపం న్యాయమే మాస్టారూ. నా గ్రాఫు టీచర్ టేబుల్ సొరుగులోనే ఉంటుంది, నేను ఫొటో కూడా తీయను. మెమో భయం ఉన్నచోట నిజమైన లెక్క రాదు.

కావలి టీచర్:
ఇంకోటి. మొదట్లో టీచర్‌తో రోజూ ఓ ఐదు నిమిషాలు మాట్లాడాలి, కుదురుకున్నాక వారానికోసారి చాలు. అందరూ ఒకే స్టెప్పు వదిలేస్తుంటే మాత్రం టీచర్లను అనకండి, ప్లానే సరిగా లేదు. ఏకోపాధ్యాయ బడిలో ఐదు తరగతులు పెట్టుకుని ఒక్కొక్కరిచేత చదివించడం అరగంటలో అయ్యే పనేనా?

ఉదయగిరి ఎస్‌జీటీ:
కాదు మేడమ్. అలాంటి బడుల్లో రోజుకు నలుగురైదుగురి చొప్పున వంతులు వేద్దాం. సీఆర్‌ఎంటీ గారూ, ఆ గ్రాఫు ఖాళీ నమూనా ఇక్కడ పెట్టగలరా?