నాగులేటి నీళ్లు… తరువాత నాపరాళ్లా, నాపరాలా?

మల్లేశ్వరం అద్దెవాసి: కొత్త ఇంట్లో స్టవ్ గట్టుకు నల్లటి కడప రాయి వేశారు. తుడుస్తుంటే శ్రీనాథుడి పల్నాటి చాటువు గుర్తొచ్చింది. "నాగులేటి నీళ్లు" దాకా వచ్చి ఆగిపోయాను. మా తాతయ్య "నాపరాలు" అనేవారు. ఏది సరి?

పల్నాటి కోడలు: రాళ్లే తమ్ముడూ. పద్యం నిండా దేవుళ్లు, నీళ్లు, కూళ్లు, తేళ్లు... ఆ "ళ్లు" మోతే పద్యానికి ప్రాణం.

కోరమంగళ ఛందోప్రియుడు: మోత సాక్ష్యం కాదండీ. ఆటవెలది రెండో పాదం, అయిదూ సూర్యగణాలు. రాళ్లు అన్నా రాలు అన్నా హగణమే (గురువు, లఘువు), ఛందస్సుకు రెండూ సరిపోతాయి. పైగా "రాలు" పాత రూపం.

యశ్వంతపూర్ రాళ్ల మేష్టారు: నాకు ఆ జంట ముఖ్యం. నీళ్లు, నాపరాళ్లు పక్కపక్కన పెట్టాడు. నాపరాయి సున్నపురాయే. దాన్ని కరిగించుకుని వచ్చే నీటిలో పప్పు ఉడకదు, సబ్బు నురగదు. కవి ఆ నీళ్లు తాగే రాశాడంటాను.

చెన్నై చుట్టం: సున్నపురాయి గవ్వలు నలిగి పుట్టిందేగా? అరియలూరు క్వారీల్లో గవ్వలు గుట్టలుగా ఉంటాయి.

రాళ్ల మేష్టారు: అరియలూరుది సుమారు 7 కోట్ల ఏళ్ల నాటి సముద్రం. పల్నాటిలో నార్జి అని పిలిచే సున్నపురాయి పొర 54 కోట్ల ఏళ్లకు మునుపటిది, అప్పటికి గవ్వ పురుగులే లేవు. నీటిలోంచే, కొంత సూక్ష్మజీవుల వల్ల, సున్నం సన్నటి బురదై దిగింది. మధ్యమధ్య బంకమట్టి పొర. పై బరువుకు నీరు పిండుకుపోయింది, రేణువుల సందుల్లో కాల్సైట్ (సున్నపురాతిలోని ముఖ్య ఖనిజం) పేరుకుని గట్టిపడింది. నాపరాయి పలకలుగా లేచేది ఆ మట్టి పొరల దగ్గరే. మీ కడప రాయీ సున్నపురాయే. గట్టు అంచును పక్కనుంచి చూడండి, రంపపు పళ్లలా ముదురు గీత ఉందా? ఒత్తిడికి సున్నం కరిగిపోయి, కరగని మట్టి మిగిలిన చోటది. స్టైలోలైట్ అంటారు.

అద్దెవాసి: ఉంది! తెల్లటి గీత కూడా ఉంది.

రాళ్ల మేష్టారు: అది చీలికలో నిండిన కాల్సైట్. ఏది దేన్ని కోసిందో చూడండి, కోసిందే తరువాతిది.

ఛందోప్రియుడు: అసలీ చాటువు శ్రీనాథుడిదేనని ఎవరు తేల్చారు?

పల్నాటి కోడలు: సజ్జ, జొన్న కూళ్లు తిని విసిగినవాడి మాట అది. రాజుల ఇళ్ల సన్నబియ్యం మరిగిన శ్రీనాథుడు కాక ఇంకెవరండీ?

అద్దెవాసి: టార్చి వేసి చూశాను మేష్టారూ. తెల్ల గీతే ముదురు గీతను కోసింది. అక్కా, మా తాతయ్యదీ మాచర్లే. మరి ఆయన నోట "రాలు" ఎలా వచ్చింది?