ఏఐ డాక్యుమెంటరీలు: భయపెడితే చాలా?

కృష్ణలంక_కిరణ్:
అదుపులేని ఏఐ మీద తీసిన రెండు డాక్యుమెంటరీలు వరసగా చూశాను. 'కోడెడ్ బయాస్' (2020)లో జాయ్ బులమ్‌వినీ అనే నల్లజాతి పరిశోధకురాలు అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. సాఫ్ట్‌వేర్ ఆమె ముఖాన్ని పట్టదు. తెల్లటి మాస్కు పెట్టుకోగానే పట్టేస్తుంది. విషయమంతా ఆ ఒక్క సీన్‌లోనే అర్థమైపోయింది. 'అన్‌నోన్: కిల్లర్ రోబోట్స్' (2023)లోనేమో, మందులు కనిపెట్టే ఏఐ 6 గంటల్లోపే 40,000 విష అణువులకు నమూనాలు ఇచ్చిందని చూపించారు. ఒళ్లు జలదరించింది. కానీ అది చూసి మామూలు మనిషి ఏం చేయగలడు? ఇలాంటివి ఎక్కువైతే ఇవాళ నష్టపోతున్నవాళ్ల గోడు ఎవరికీ పట్టదని నా వాదన.

సుజాత_హన్మకొండ:
ఒప్పుకోనండీ. ఆ ప్రయోగం కట్టుకథ కాదు. చేసిన శాస్త్రవేత్తలే 2022లో జర్నల్‌లో రాశారు. జరిగింది చూపిస్తే భయం వేసిందంటే అది తీసినవాళ్ల తప్పా? ఆ మాత్రం భయం లేకపోతే ఏ ప్రభుత్వమూ చట్టం జోలికే రాదు.

ఫార్మా_రఘు:
సుజాత గారూ, జరిగిన మాట నిజమే. అయితే కంప్యూటర్‌లో నమూనా రావడం వేరు, విషం తయారుచేయడం వేరు. దానికి ల్యాబ్ కావాలి, ముడి రసాయనాలు దొరకాలి, చేయగల కెమిస్ట్ ఉండాలి. ఆ రసాయనాల అమ్మకాల మీద నిఘా ఎలా ఉందన్నదే నన్నడిగితే అసలు ప్రశ్న.

కృష్ణలంక_కిరణ్:
నేనంటున్నదీ అదే రఘు గారూ. తెలంగాణలో 'సమగ్ర వేదిక' సంగతే చూడండి. రకరకాల శాఖల రికార్డుల్లో పేర్లు, చిరునామాలు కలిపి చూసి, ప్రభుత్వ పథకాలకు ఎవరు అర్హులో కాదో ఈ సాఫ్ట్‌వేర్ చెబుతుంది. కారే లేని ఒక పేదింటికి, పేరు దగ్గరగా ఉన్న ఇంకెవరిదో కారు అంటగట్టింది. ఆ ఇంటి వితంతువుకు రేషన్ అందలేదు. 2024లో అల్ జజీరా వార్తాసంస్థ దీన్ని బయటపెట్టింది. అంతకుముందే, 2022లో, రద్దయిన రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ తనిఖీ చేయమని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇందులో రోబో లేదు, పేలుడు లేదు. పోయింది ఒక ఇంటి బియ్యం. దాని మీద గంటన్నర సినిమా ఎందుకు రాదు?

సుజాత_హన్మకొండ:
రావాలి, నేనూ కాదనను. కానీ 'కోడెడ్ బయాస్'లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ అపార్ట్‌మెంట్ వాళ్లను మీరు వదిలేశారు. గేటు దగ్గర ఫేస్ రికగ్నిషన్ (ముఖాన్ని గుర్తుపట్టే వ్యవస్థ) పెడతామంటే అద్దెకున్నవాళ్లంతా ఒక్కటై ఎదురుతిరిగారు. 2019లో యాజమాన్యం వెనక్కి తగ్గింది. భయంతో పాటు ఎదిరించే దారి కూడా చూపించారు కదా. రేషన్ కార్డు పోయినవాళ్లు ఎక్కడికెళ్లి అడగాలో, అప్పీలు ఎలా పెట్టుకోవాలో కూడా చూపిస్తూ తెలుగులో తీస్తానంటే మా ఊళ్లో ప్రదర్శన నేను ఏర్పాటు చేస్తాను.