తొడ ఎముక విరిగిన కుక్కపిల్ల, హైదరాబాద్: ఆపరేషన్‌కు సాయం కావాలి

ఉప్పల్‌లో బైక్ గుద్దిన వీధి కుక్కపిల్ల ఇది. ఆడది, 3 నెలలు, 4 కిలోలు. వెనక కుడికాలి తొడ ఎముక మధ్యకు విరిగినట్టు ఎక్స్‌రేలో తేలింది. పైనుంచి వేసే కట్టు (పిండికట్టు లాంటిది) పనికిరాదు. తుంటిని కదలకుండా పట్టి ఉంచడం దానివల్ల కాదు, పైగా కిందికి జారి విరిగిన చోటే బరువు వేస్తుంది. ఎముక లోపల లోహపు పిన్ను వేయాల్సిందే. ఆలస్యమైతే తొడ కండరం బిగుసుకుపోయి మోకాలు ఇక వంగకపోవచ్చు, పాపం.

అంచనా 18 వేలు, పోగైనవి 7 వేలు. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్‌కు ఎన్నాళ్లు ఆగాలి? పిన్ను మనమే కొనాలా? ఇవ్వదలిచినవాళ్లు నేరుగా ఆసుపత్రి బిల్లుకే కట్టండి, రసీదు మీ పేరునే వస్తుంది.

ఐబుప్రొఫెన్ లాంటి మనుషుల నొప్పి మాత్రలు మాత్రం చెప్పకండి, కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ఆపరేషన్ తర్వాత 4 వారాలు బోనులో పెట్టుకోగలిగేవాళ్లు ఉన్నారా? టీకాలు పడలేదు, కాబట్టి పార్వో (కుక్కపిల్లలకు ప్రాణం మీదికి తెచ్చే అంటు వైరస్ జబ్బు) వచ్చిన ఇల్లు వద్దు.