హార్బర్‌లో కొన్నది పులసా, విలసా? ఎలా తెలుస్తుంది?

నిన్న పొద్దున్నే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒకామె "గోదారి పులస బాబూ" అంటే నమ్మి కొనేశాను. మా అత్తయ్యది రాజోలు. చూడగానే "ఇది సముద్రంలో పట్టిన విలసరా" అని తేల్చేసింది. ఒళ్లంతా వెండిలా మెరుస్తోంది, పొట్ట అంచు రంపంలా గరుకుగా ఉంది, పైదవడ మధ్యలో చిన్న నొక్కు. కానీ ఇవి రెండింటికీ ఉంటాయట, చేప ఒకటేగా! వరదనీటిలో గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీదితే అదే పులస. పిల్లలు పెరుగుతూ మళ్లీ సముద్రానికే పోతాయి. అంతవరకు తెలుసు. మరి కోయకముందే, రంగు చూసో వాసన చూసో, ఏటిలో పట్టిందో లేదో చెప్పగలమా? ఇంకోటి, కడుపునిండా గుడ్లున్నాయి. అంటే ఏరు ఎక్కబోతూ వలకు చిక్కిందనా? పులుసు ఎలాగూ అయిపోయింది, బాగానే కుదిరింది. తెలిసినవాళ్లు చెప్పండి, ఈసారి బేరంలో మోసపోను.