స్టాక్స్ రికార్డ్స్ మాస్టర్ టేపులు రెండు చోట్ల ఎందుకున్నాయి?

ప్రశ్న

గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ రికార్డులు, మరో గాయకుడు ఐజాక్ హేస్ 1969లో వెలువరించిన నాలుగు పాటల ఆల్బమ్, రెండూ అమెరికాలో మెంఫిస్ నగరంలోని స్టాక్స్ అనే రికార్డు సంస్థవే. అయినా మొదటివాటి మాస్టర్ టేపుల (అసలు రికార్డింగుల) హక్కులు అట్లాంటిక్ అనే రికార్డు కంపెనీ ద్వారా వార్నర్ సంగీత సంస్థ చేతిలోనూ, రెండోదాని హక్కులు కాంకర్డ్ అనే మరో సంగీత సంస్థ చేతిలోనూ ఉన్నాయి. ఒకే ఇంటి ఆస్తికి ఈ వాటాలు ఎలా పడ్డాయో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు

దీనికి మూలం స్టాక్స్ రికార్డులను అట్లాంటిక్ పంపిణీ చేయడానికి 1965లో రాసుకున్న ఒప్పందం. బ్యాంకు ఉద్యోగి అయిన జిమ్ స్టివార్ట్ 1957లో శాటిలైట్ పేరుతో సంస్థ పెట్టగా, టేప్ రికార్డర్ కొనడానికి ఆయన అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ తన ఇల్లు తాకట్టు పెట్టారు. ఇద్దరి ఇంటిపేర్ల తొలి అక్షరాలు కలిపి 1961లో దానికి స్టాక్స్ అని పేరు మార్చారు. అట్లాంటిక్‌తో లావాదేవీలు తొలుత నోటిమాట మీదే సాగాయి. అట్లాంటిక్ చేతులు మారితే తాను తప్పుకునే వీలుండాలని స్టివార్ట్ కోరడం వల్లనే రాతకోతలు జరిగాయి. విచిత్రమేమిటంటే, తన రక్షణ కోసం అడిగి రాయించుకున్న ఆ పత్రాన్ని ఆయన ఆసాంతం చదవకుండానే సంతకం చేశారు. 1967లో అట్లాంటిక్ వార్నర్-సెవెన్ ఆర్ట్స్ పరమైంది. 1968లో తప్పుకోబోయి పత్రం తిరగేసినప్పుడు, అప్పటివరకు అట్లాంటిక్ పంపిణీ చేసిన రికార్డుల మాస్టర్ టేపులన్నీ ఒక్క డాలరు ప్రతిఫలానికి దానికే దఖలుపడ్డాయని తేలింది. అట్లాంటిక్ నుంచి అరువుగా వచ్చిన సామ్ అండ్ డేవ్ గాయక జంట కూడా అట్లాంటిక్‌కు తిరిగి వెళ్లిపోయింది. రెడ్డింగ్ అంతకుముందే, 1967 డిసెంబరు 10న, విమాన ప్రమాదంలో మరణించారు.

రెండో జవాబు

ఒప్పందం విషయంలో మొదటి జవాబులో చెప్పింది సరైనదే. అయితే స్టాక్స్‌ను కేవలం మోసపోయిన సంస్థగా తలచుకోవడం నాకు రుచించదు. మెక్‌లెమోర్ అవెన్యూలోని పాత సినిమా హాలును 1960లో అద్దెకు తీసుకుని స్టూడియోగా మార్చినప్పుడు, కుర్చీలు తీసేశారు గానీ వాలుగా ఉన్న నేలను చదును చేయలేదు. ఆ రికార్డులలో వినిపించే గదిధ్వనికి అదీ ఒక కారణం. పేలాలు అమ్మిన చోట ఎస్టెల్ రికార్డుల దుకాణం పెట్టి, వీధి కుర్రకారు ఏ పాట కొంటున్నారో గమనించేవారు. వర్ణవివక్ష అమలులో ఉన్న ఆ నగరంలో నల్లజాతి, శ్వేతజాతి వాద్యకారులు ఆ గదిలో ఒకే బృందంగా కూర్చుని వాయించారు.

టేపులు పోయాక, అమ్ముకోవడానికి పాత సరుకు లేదు కనుక, స్టాక్స్ నిర్వాహకుడు అల్ బెల్ 1969లో ఒకేసారి 27 ఆల్బమ్‌లు విడుదల చేయించారు. మీరడిగిన హేస్ ఆల్బమ్ వాటిలో ఒకటి.

మూడో జవాబు

మిగతా సగం సంగతి: 1975 డిసెంబరులో సంస్థ దివాలా తీసింది. 1968 తరువాతి టేపులను 1977లో ఫాంటసీ అనే రికార్డు కంపెనీ కొనుగోలు చేయగా, 2004లో ఫాంటసీనే కాంకర్డ్ కొన్నది. పాత భవనాన్ని 1989లో కూల్చివేశారు. అదే స్థలంలో 2003లో ప్రారంభమైన మ్యూజియంలో స్టూడియోను, ఆ వాలు నేలతో సహా, మళ్లీ కట్టారు.